నతాల్, నొయెల్, దియెస్ నతాలిస్: ఒకే మాట ఫ్రెంచిలో ఎలా వాడతారు, ఇండోనేషియాలో ఎలా వాడతారు?

మీరు అడిగింది ఇదీ. మీ అబ్బాయి పీజీ కోసం ఇండోనేషియాలోని యోగ్యకర్తా వెళ్లాడు. ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచి కాబట్టి ‘నతాల్’ అంటే పుట్టుకకు సంబంధించినది అని అతనికి తెలుసు. అక్కడ డిసెంబరులో గజ మద యూనివర్సిటీ గేటు మీద ‘దియెస్ నతాలిస్’ అని బ్యానర్ కట్టారు. ఎదురుగా సూపర్‌మార్కెట్ అద్దం మీద ‘సెలామత్ నతాల్’ అని రాసి ఉంది. రెండూ ఒకటేనా, ఫ్రెంచి మాటకూ వీటికీ చుట్టరికం ఉందా, తనను వేడుకకు పిలిచిన ప్రొఫెసర్‌గారికి శుభాకాంక్షలు ఏమని రాయాలి?

చుట్టరికం ఉంది. అన్నీ ‘నతాలిస్’ అనే ఒక్క లాటిన్ విశేషణం నుంచి వచ్చినవే. కానీ వాడకం దగ్గరకొచ్చేసరికి ఒకదాని చోట ఇంకొకటి పెడితే అర్థం ఎక్కడికో పోతుంది. మాది యానాం దగ్గర ఊరు. ఫ్రెంచి చదువుకున్నాను, ఆ తర్వాత అనువాదాల పని మీద యోగ్యకర్తాలో కొన్నేళ్లు ఉన్నాను. రెండు భాషల్లోనూ రోజూ ఎదురైన మాట ఇది, నాకు చాలా ఇష్టమైన మాట కూడా. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

లాటిన్‌లో ‘నాస్కీ’ అంటే పుట్టడం, ‘నాతుస్’ అంటే పుట్టినవాడు. దీని పాత రూపం ‘గ్నాతుస్’. సంస్కృతంలోని ‘జాత’కు ఇది సొంత తోబుట్టువు. రెండూ ఒకే మూల భాషలోని ఒకే పదం నుంచి చీలాయి. నాతుస్ నుంచి నతాలిస్ వచ్చింది, అంటే జన్మకు చెందినది అని. మనకు జాత నుంచి జాతకం వచ్చింది. ఫ్రెంచి జ్యోతిష్యులు జాతకచక్రాన్ని ‘తేమ్ నతాల్’ అంటారు. ఈ సంగతి మొదటిసారి గమనించినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వేల ఏళ్ల కింద విడిపోయిన రెండు మాటలు, గ్రహాలు వేసుకునే ఒకే కాగితం మీద మళ్లీ కలిశాయి.

రోమన్లకు ‘దియెస్ నతాలిస్’ అంటే పుట్టినరోజు. దియెస్ అంటే రోజు. మనిషికే కాదు, గుడికి, నగరానికి కూడా పుట్టినరోజులు చేసేవారు. తొలినాటి క్రైస్తవులు ఈ మాటను మరో అర్థంలోకి తీసుకెళ్లారు. మతం కోసం ప్రాణాలిచ్చిన వాళ్లు చనిపోయిన రోజును వాళ్ల ‘నతాలిస్’ అన్నారు, అంటే పరలోకంలో పుట్టిన రోజు అని. మన దర్గాల్లో ఉర్సు చేసేదీ ఆ మహానుభావుడు కన్నుమూసిన రోజునే కదా, ఆ భావన మనకేమీ కొత్త కాదు. ఇక డిసెంబరు 25 సంగతి. 354 నాటి ఒక రోమన్ పంచాంగంలో ఆ తేదీ దగ్గర ‘అజేయుడి నతాలిస్’ అన్న అర్థంలో ఒక ముక్క ఉంటుంది. దాన్ని సూర్యదేవుడి పండుగగా చెబుతారు. అదే సంపుటంలో మరోచోట క్రీస్తు పుట్టినదీ డిసెంబరు 25నే అని రాసి ఉంది. పండుగకు ఈ విశేషణం పేరుగా స్థిరపడ్డాక ‘రోజు’ అన్న ముక్క రాలిపోయి నతాలిస్ ఒక్కటే మిగిలింది.

ఫ్రెంచిలో ఏం జరిగిందో మనవాళ్లకు చెప్పడం తేలిక, ఎందుకంటే మన వ్యాకరణంలోనే దానికి పేర్లున్నాయి. శ్రీ తత్సమం, సిరి తద్భవం. ఆశ్చర్యం తత్సమం, అచ్చెరువు తద్భవం. అలాగే ఫ్రెంచిలో ‘నతాల్’ తత్సమం, ‘నొయెల్’ తద్భవం. జనం నోళ్లలో శతాబ్దాల తరబడి నలిగిన రూపం నొయెల్. రెండు అచ్చుల మధ్య ఉన్న ‘త’ కరిగిపోయింది. లాటిన్ ‘వీతా’ ఫ్రెంచిలో ‘వీ’ అయినట్టే, ‘రోతా’ ‘రూ’ అయినట్టే. చివరి ‘ఆలిస్’ కాస్తా ‘ఎల్’ అయింది. అలా ముందు ‘నయెల్’, తర్వాత ‘నొయెల్’. పండితులు తర్వాత లాటిన్ పుస్తకాల్లోంచి నేరుగా తెచ్చుకున్నది నతాల్. మామూలు ఫ్రెంచివాడికి ఈ రెండూ ఒకే తల్లి బిడ్డలన్న సంగతి గుర్తు రాదు. నతాలీ అని పేరున్న అమ్మాయికీ, నొయెల్ అని పేరున్న అబ్బాయికీ కూడా తమ పేర్లు ఒకటేనని చాలాసార్లు తెలియదు.

ఇప్పుడు ఫ్రెంచిలో నతాల్ వాడకం. ‘పేయీ నతాల్’ అంటే పుట్టిన దేశం, ‘విల్ నతాల్’ అంటే పుట్టిన ఊరు, ‘మెజోఁ నతాల్’ అంటే పుట్టిన ఇల్లు. గొప్పవాళ్లు పుట్టిన ఇళ్లను మ్యూజియంలుగా మార్చినప్పుడు గోడ మీద కనిపించేది ఈ చివరి మాటే. స్త్రీలింగ పదం పక్కన వస్తే చివర ఒక ‘ఇ’ అక్షరం చేరుతుంది కానీ పలకడంలో తేడా ఉండదు. పుంలింగ బహువచనం దగ్గర మాత్రం విద్యార్థులకు టెన్షన్. ‘నస్యొనాల్’కు బహువచనం ‘నస్యొనో’ కాబట్టి దీనికీ ‘నతో’ అనబుద్ధవుతుంది. అలా కాదు, ‘ఎస్’ అక్షరం చేర్చి ఊరుకోవాలి, ఉచ్చారణ మారదు. అదే ‘ప్రేనతాల్’ (కాన్పుకు ముందరి) అయితే రెండు రూపాలూ చెల్లుతాయి.

అసలు విషయం వ్యాకరణంలో కంటే వాడకంలో ఉంది. ఈ మాట ఆఫీసు కాగితాల్లో దొరకదు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి పాలనలో ఉంది కాబట్టి మా వైపు కొన్ని ఇళ్లలో పాత జనన పత్రాలు ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. నేను చాలా కాగితాలకు తెలుగు, ఇంగ్లీషు అనువాదాలు చేసిపెట్టాను. మడతల దగ్గర చిరిగి, వెనక గుడ్డ అంటించిన కాగితాలు. వాటిలో ‘నే ఆ యనావోఁ’ అని ఉంటుంది, యానాంలో పుట్టినవాడు అని. ఈ ‘నే’ కూడా నాతుస్ బిడ్డే, అరిగి అరిగి ఒక్క అక్షరం మిగిలింది. కానీ నతాల్ అన్న విశేషణం ఒక్క పత్రంలోనూ కనబడదు. ఇవాళ్టి ఫ్రెంచి ఫారాల్లోనూ అంతే. పుట్టిన చోటు అడగాలంటే ‘ల్యూ ద నెసాఁస్’ అంటారు. ‘మీ విల్ నతాల్ ఏది’ అని ఏ గుమస్తా అడగడు, స్నేహితుడు అడుగుతాడు. మనకూ ఫారంలో ‘జన్మస్థలం’ ఉంటుంది, మనసు విప్పి మాట్లాడేటప్పుడు ‘కన్న ఊరు’ అంటాం. నతాల్‌కు తెలుగులో నాకు తెలిసిన అతి దగ్గర మాట ఈ ‘కన్న’. ఇంకో సంగతి, మాతృభాషను ‘లాంగ్ మతెర్నెల్’ అనే అంటారు, దాని పక్కన నతాల్ పెట్టడం మామూలు వాడకం కాదు.

ఆసుపత్రి మాటల్లో మాత్రం ఈ ఆప్యాయత ఉండదు. ఫ్రాన్సులో మొదటి కాన్పుకు తల్లికి ఇచ్చే 16 వారాల సెలవులో, కాన్పుకు ముందు 6 వారాలను ‘కోంజే ప్రేనతాల్’ అంటారు, తర్వాతి 10 వారాలను ‘పోస్త్‌నతాల్’ అంటారు. జననాల రేటును ‘నతాలితే’ అంటారు.

ఇక ఇండోనేషియా. అక్కడికి ఈ లాటిన్ మాట ఒకసారి కాదు, మూడుసార్లు, ముగ్గురి చేతుల మీదుగా చేరింది. ముగ్గురు తెచ్చినవీ ఇప్పటికీ కలవకుండా విడివిడిగా ఉన్నాయి. ఇది పట్టుకుంటే మీ అబ్బాయి సందేహం మొత్తం తీరిపోతుంది.

మొదట తెచ్చినవాళ్లు పోర్చుగీసువాళ్లు. 1511లో మలక్కాను పట్టుకుని, మరుసటి ఏడాదే లవంగాలు, జాజికాయలు దొరికే మలుకు దీవులకు చేరారు. గోవా నుంచి బయల్దేరిన క్రైస్తవ మత ప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ 1546లో ఆ దీవుల్లోని అంబోన్‌లో ఉన్నాడు. పోర్చుగీసులో క్రిస్మస్‌ను ‘నతాల్’ అంటారు. ఆ మాటే ఇప్పటి ఇండోనేషియా భాషకు మూలమైన మలయ్ భాషలో నిలిచిపోయింది. చర్చికి ‘గెరెజా’, బల్లకు ‘మేజా’, కిటికీకి ‘జెండేలా’, బడికి ‘సెకోలా’ కూడా వాళ్లిచ్చినవే. మనకు సబ్బు, ఇస్త్రీ, బొత్తాం ఇచ్చిందీ వాళ్లే. నాకు ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, పోర్చుగీసువాళ్లను డచ్చివాళ్లు 1605లోనే అంబోన్ నుంచి వెళ్లగొట్టారు. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు పైగా డచ్చివాళ్లదే పెత్తనం. డచ్చిలో క్రిస్మస్‌ను ‘కెర్స్ట్‌మిస్’ అంటారు. అయినా ఇండోనేషియన్లు ఆ మాట తీసుకోలేదు, పాత నతాల్‌నే పట్టుకుని ఉన్నారు. పక్కనే మలేషియాలో ఇంగ్లీషువాళ్ల ప్రభావం వల్ల ‘క్రిస్మస్’ అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది. ఒకే భాషను రెండు రూపాల్లో మాట్లాడే ఈ రెండు దేశాల్లో పండుగ పేరు చూస్తే చాలు, ఎవరు ఎవరి కింద ఉన్నారో తెలిసిపోతుంది.

పోర్చుగీసు మాటలు నిలవడంలో మన తీరం వాళ్ల పాత్ర కూడా కొంత ఉంది. బెంగాల్, కోరమాండల్, మలబారు తీరాల నుంచి బానిసలుగా తరలించబడి, తర్వాత విడుదలైన జనం పోర్చుగీసు మాట్లాడుతూ బతావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో స్థిరపడ్డారు. వాళ్లను ‘మార్దైకర్లు’ అనేవారు. అది సంస్కృత ‘మహర్ద్ధిక’ నుంచి వచ్చిన పేరు. ఇండోనేషియన్లు స్వాతంత్ర్యానికి వాడే ‘మెర్దేకా’ కూడా అదే మాట. ఉత్తర జకార్తాలోని తుగు పేటలో వాళ్ల వారసులు ఇప్పటికీ ఉన్నారు, చర్చి ఉంది, క్రొంచొంగ్ సంగీతం ఉంది.

వాడకంలో ఈ నతాల్ నామవాచకం, విశేషణం కాదు. పెద్దక్షరంతో రాస్తారు, అర్థం క్రిస్మస్ ఒక్కటే. ‘సెలామత్ నతాల్’ అంటే క్రిస్మస్ శుభాకాంక్షలు, ‘పొహోన్ నతాల్’ అంటే క్రిస్మస్ చెట్టు. చివర ‘ఆన్’ తగిలించి ‘నతాలాన్’ అంటే క్రిస్మస్ చేసుకోవడం. మా ఇంటి ఓనరమ్మ రోజూ అయిదు పూటలా నమాజు చేసే మనిషి. ఒక డిసెంబరులో తలుపు తట్టి, చేతిలో చిన్న డబ్బా పట్టుకుని, “మాస్, పక్కింటి బతక్ వాళ్లు నతాలాన్‌కి మెదాన్ వెళ్లారు, వాళ్ల పిల్లికి రాత్రిపూట ఇది పెడతావా?” అని అడిగింది. బతక్ వాళ్లంటే ఉత్తర సుమత్రా జనం, మెదాన్ అక్కడి పెద్ద నగరం. మాస్ అంటే అక్కడ అన్న, తమ్ముడు వరసలో మగవాళ్లను పిలిచే పిలుపు. ఆవిడకు నతాలాన్ ఎంత మామూలు మాటో మన ఊళ్లో దసరా సెలవులు అంత మామూలు మాట. క్రిస్మస్, కొత్త సంవత్సరం కలిపి ‘నతారు’ అని కురచ చేశారు. నతాల్ దాన్ తాహున్ బారు అన్నదానికి పొట్టి రూపం. డిసెంబరు రాగానే రైల్వే వాళ్లు, ట్రాఫిక్ పోలీసులు, టీవీ వాళ్లు అందరి నోటా అదే.

రెండోసారి తెచ్చినవాళ్లు డచ్చి ప్రొఫెసర్లు. 1575 ఫిబ్రవరి 8న మొదలైన లైడెన్ యూనివర్సిటీ ఏటా ఆ తేదీకి దియెస్ నతాలిస్ జరుపుకుంటుంది. ఆ సంప్రదాయం డచ్చి చదువులతో పాటు ఇండోనేషియాకు వచ్చింది. దేశం స్వతంత్రమయ్యాక కూడా పోలేదు, ఇంకా వేళ్లూనుకుంది. ఇవాళ అక్కడ యూనివర్సిటీలు, ఫ్యాకల్టీలు, విద్యార్థి సంఘాలు తమ వార్షికోత్సవాన్ని దియెస్ నతాలిస్ అంటాయి. నల్ల గౌన్లు వేసుకుని ప్రొఫెసర్లు ఊరేగింపుగా రావడం, ఒకరు పాండిత్య ప్రసంగం చేయడం, తర్వాత పసుపన్నాన్ని శంకువులా పోసిన ‘తుంపెంగ్’ కొన కోసి పెద్దవాళ్లకు మొదట అందించడం, ఇవన్నీ ఆ రోజు చూడొచ్చు. రోమన్ల మాట, డచ్చి గౌను, జావా అన్నం ఒకే వేదిక మీద. దీనికి ఏ మతంతోనూ సంబంధం లేదు. ముహమ్మదియా అనే ముస్లిం సంస్థ నడిపే యూనివర్సిటీలు మాత్రం ఇదే సందర్భానికి అరబ్బీ మాట ‘మిలాద్’ ఎంచుకున్నాయి.

మీ అబ్బాయికి గందరగోళం ఎందుకొచ్చిందో ఇప్పుడు చూడండి. గజ మద యూనివర్సిటీ 1949 డిసెంబరు 19న ఏర్పడింది. దాని దియెస్ నతాలిస్ సరిగ్గా క్రిస్మస్‌కు 6 రోజుల ముందు పడుతుంది. బ్యానర్లు రెండూ ఒకే వారంలో వేలాడుతుంటే ఎవరైనా ఒకటే అనుకుంటారు.

మూడోసారి తెచ్చింది వైద్యం. ‘ప్రనతాల్’, ‘నెయోనతాల్’ వంటి మాటలు. ఆసుపత్రుల్లో అప్పుడే పుట్టిన బిడ్డలను ఉంచే వార్డు బోర్డు మీద ‘పెరినతోలొగీ’ అని ఉంటుంది. మన ఆసుపత్రుల్లో యాంటీనేటల్, నియోనేటల్ అని వింటాం కదా, అదే కుటుంబం. ఇండోనేషియా భాషలో నతాల్ నిజంగా విశేషణంగా పనిచేసేది ఈ ఒక్క చోటే, అదీ ముందు ఉపసర్గ ఉంటేనే.

ఉపసర్గ లేని నతాల్‌ను ఫ్రెంచిలోలాగా ఊరి పక్కన పెట్టారనుకోండి, ‘కోత నతాల్’ అంటే నతాల్ అనే పట్నమా, క్రిస్మస్ పట్నమా అని చూస్తారు. సుమత్రా పడమటి తీరంలో నిజంగానే నతాల్ అనే రేవు పట్నం ఉంది. ఆ పేరు పోర్చుగీసుదా, స్థానికమా అన్నదానిపై వాదాలున్నాయి. ఇండోనేషియా భాషను ఆధునికంగా తీర్చిదిద్దినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన సుతన్ తక్దిర్ అలిశబానా 1908లో అక్కడే పుట్టాడు. అంటే ఆయన ‘విల్ నతాల్’ నతాల్. మనవాళ్లు చెరుకు తోటల్లో పనికి 1860 నుంచి ఓడల్లో వెళ్లిన దక్షిణాఫ్రికా నేటాల్ సంగతీ ఇక్కడే చెప్పాలి. 1497 క్రిస్మస్ సమయంలో వాస్కో ద గామా ఆ తీరం పక్కనుంచి వెళ్తూ పెట్టిన పేరది. డర్బన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాల చిరునామాల్లో ఈ లాటిన్ విశేషణం ఇప్పటికీ ఉంది.

మరి ఇండోనేషియన్లు పుట్టుక గురించి ఏ మాటలు వాడతారు? పుట్టడం ‘లాహిర్’. అది అరబ్బీ నుంచి వచ్చింది, హైదరాబాదు ఉర్దూలో వినే జాహిర్ అదే, బయటపడటం అని. పుట్టిన పట్నం ‘కోత కెలాహిరాన్’. ఇది ఫారాల్లోకి కూడా పనికొచ్చే మాట. కన్న ఊరు అన్నంత ఆప్యాయంగా అనాలంటే ‘కంపుంగ్ హలామాన్’. కంపుంగ్ అంటే పల్లె, హలామాన్ అంటే వాకిలి. ఊరూ వాకిలీ అన్నమాట. రంజాన్‌కు లక్షల మంది నగరాలు ఖాళీ చేసి వెళ్లేది అక్కడికే. ఫ్రెంచి ‘పేయీ నతాల్’లో ఉన్న బెంగను ఇండోనేషియాలోకి తేవాలంటే నేనెప్పుడూ ఈ మాటనే వాడాను. మనుషుల పుట్టినరోజు ‘ఉలాంగ్ తాహున్’, నగరాల పుట్టినరోజు ‘హారీ జాది’, ప్రవక్త పుట్టినరోజు ‘మౌలిద్’. ఇంకోటి, సంస్కృత ‘జన్మ’ వీటన్నిటికంటే ముందే అక్కడికి చేరి ‘జెల్మా’ అయింది. అవతారమెత్తడాన్ని ‘మెన్జెల్మా’ అంటారు. నతాల్ పోర్చుగీసు ఓడ దిగేనాటికే దాని దూరపు బంధువు అక్కడ కాపురం పెట్టుకుని ఉంది.

రెండు భాషల మధ్య ఎక్కడ తడబడతారో నేను చూసినంతలో చెబుతాను. యోగ్యకర్తాలో ఫ్రెంచి నేర్చుకునే పిల్లలు క్రిస్మస్ గురించి వ్యాసం రాయమంటే ‘ఫెత్ నతాల్’ అని రాసేస్తారు. ‘ఫెత్ ద నొయెల్’ అని రాయాలి. తమ కాలేజీ దియెస్ నతాలిస్‌ను అలాగే ఫ్రెంచి వాక్యంలో దించుతారు. ఫ్రెంచివాళ్లకు ఆ సందర్భానికి ‘అనివెర్సేర్’ ఉంది, లాటిన్ ముక్క అవసరం లేదు. ఇటువైపు నుంచి చూస్తే, మా ఆఫీసుకు వచ్చిన ఒక ఫ్రెంచి మిత్రురాలు తలుపు మీద ‘లిబుర్ నతాల్’ అని చూసి, ఎవరికి కాన్పయింది అని అడిగింది. లిబుర్ అంటే సెలవు అని ఆమెకు తెలుసు, నతాల్ తన భాషదే కాబట్టి ప్రసూతి సెలవు అనుకుంది. ప్రసూతి సెలవును అక్కడ ‘చుతి మెలాహిర్కాన్’ అంటారు, ఆ తలుపు మీదున్నది క్రిస్మస్ సెలవు.

మీ అబ్బాయి ప్రొఫెసర్‌గారికి ‘సెలామత్ దియెస్ నతాలిస్’ అని రాసి, పక్కన ఎన్నో ఏడాదో ‘కె’ అన్న అక్షరాలు, అడ్డగీత, అంకె వేస్తే చాలు. తర్వాత యూనివర్సిటీ పేరు రాయాలి. పెద్దమనిషి కాబట్టి మగవారైతే పేరుకు ముందు ‘బాపక్’, ఆడవారైతే ‘ఇబు’ తప్పకుండా పెట్టమనండి. ప్రొఫెసర్‌గారు క్రైస్తవులని తెలిస్తే, 25వ తేదీన విడిగా ‘సెలామత్ నతాల్’ పంపొచ్చు. రెండూ ఒకే మెసేజ్‌లో కలపొద్దు, ఒకటి సంస్థకు, ఒకటి మనిషికి. ఫ్రెంచి స్నేహితులెవరైనా ఉంటే వాళ్లకు ‘జ్వాయో నొయెల్’.